అశ్వసన్నిధిలో ఎరుక

మన రైల్ మిల్లులో తయారైన పట్టా బయటికి ఎంత నునుపుగా కనిపించినను, అతిధ్వని తరంగాలతో పరీక్షించనిదే దానిని రైల్వేలకు పంపము. కంటికి ఆనని పగులు లోహగర్భంలో దాగి ఉండవచ్చును. మనిషి విషయంలో ఇటువంటి పరీక్ష ఏదియు లేదు. గేటు వద్ద "బాగున్నారా?" అని అడుగుతాము, "బాగున్నాము" అని సమాధానం వస్తుంది, షిఫ్టు సైరను మోగుతుంది, ఎవరి దారిన వారు పోతారు.

కొన్నేళ్ళ క్రితం మా మిత్రులొకరి విషయంలో ఇదే జరిగినది. వృత్తిరీత్యా ఆయన ఇంజనీరు, ప్రవృత్తిరీత్యా నాటకకర్త. భిలాయిలోని తెలుగువారి ఉగాది వేడుకలకు ఏటేటా ఒక నాటకం రచించి, తామే దర్శకత్వం వహించేవారు. క్రమంగా రాత్రి షిఫ్టు తరువాత పగటి నిద్ర ఆయనకు దూరమైనది. రాసిన అంకాలను తామే చింపివేయసాగిరి. రిహార్సలు మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. "కళాకారుడు గదా, ఆ మాత్రం తిక్క ఉంటుంది" అని మేమందరం నవ్వుకున్నాము. ఆ నవ్వు తలచుకుంటే నేటికీ మాకు సిగ్గు కలుగుతుంది. ఒకనాటి సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "అన్నయ్యగారూ, మూడు రోజులుగా ఆయన నోట మాట లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు" అన్నప్పుడు గాని మాకు తెలివి రాలేదు.

కళకూ చిత్తచాంచల్యానికీ చుట్టరికం ఉన్నదని లోకం చాలాకాలంగా నమ్ముతున్నది. ఇందులో నిజమెంత? స్వీడన్ దేశపు కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు సుమారు 12 లక్షల రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించిరి. సృజనాత్మక వృత్తులలోని వారికి మానసిక వ్యాధులు మొత్తం మీద ఎక్కువేమీ కావు. ఉన్మాద, విషాదాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే బైపోలార్ వ్యాధి మాత్రం దీనికి మినహాయింపు. అయితే రచయితల విషయం వేరు. వారిలో ఈ వ్యాధితో పాటు కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్యలు కూడా సామాన్య జనంలో కంటె అధికంగా కనిపించినవి. కనుక "తిక్క" అని నవ్వి ఊరుకొనుట ఎంత ప్రమాదమో పాఠకులే గ్రహింపగలరు.

మా మిత్రులను మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళితిమి. మందులు ప్రారంభమైనవి. నిద్ర కుదిరినది, ఆకలి తిరిగి వచ్చినది, మాట మాత్రం పొడిపొడిగానే ఉండేది. కొంతకాలం ఊరు మారడం మంచిదని వైద్యులు చెప్పగా, సెలవు పెట్టి బెంగుళూరులోని చెల్లెలి ఇంటికి వెళ్ళినారు. అక్కడ నగరం వెలుపల ఒక గుర్రపుశాలలో, మనస్తత్వ నిపుణురాలి పర్యవేక్షణలో, వారానికి రెండు రోజులు గుర్రాలతో గడిపే చికిత్స ఉన్నదని తెలిసి, వైద్యుల అనుమతితో అందులో చేరినారు. అల్లోపతి మందులు మింగుతూ గుర్రం వద్ద కూర్చొనడమేమిటని, ఒక పనిమీద అటు వెళ్ళినప్పుడు మేము కూడా కుతూహలంతో చూడబోయితిమి.

స్వారీ ఉంటుందనుకొన్నాము, లేదు. ఆయన ఒక ముదురుగోధుమరంగు ఆడగుర్రానికి ఖరారా చేస్తున్నారు. మెడ నుండి భుజానికి, భుజం నుండి పొట్టకు, వెండ్రుకలు వాలిన దిక్కుననే బ్రష్షు నెమ్మదిగా కదులుతున్నది. నిపుణురాలు కొంచెం దూరంగా నిలబడి అప్పుడప్పుడు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఇప్పుడు దాని చెవులు ఎటు ఉన్నాయి?" ఆయన చూసి చెబుతారు. అంతే. నడుమ ఒకసారి గుర్రం రెండడుగులు పక్కకు జరిగినది. "ఇప్పుడు మీరేమి ఆలోచిస్తున్నారు?" అని ఆమె అడిగిరి. ఆయన కాసేపు ఆగి, "ఎప్పుడో పదేళ్ళ కిందట జరిగిన ఒక వాదనకు జవాబు తయారు చేస్తున్నాను" అన్నారు. అప్పటికి ఆయన చేతి పట్టు బిగిసి ఉన్నది, శ్వాస పైపైన ఆడుతున్నది. ఆ సంగతి ఆయనకు తెలియదు, పక్కనున్న మాకూ తెలియదు. గుర్రానికి తెలిసినది.

ఇందులో మహిమ ఏదియు లేదు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురి అయ్యే జంతువు. లక్షల ఏళ్ళుగా దాని ప్రాణం పరిసరాలను క్షణక్షణం కనిపెట్టుట మీద ఆధారపడినది. కళ్ళు తలకు ఇరువైపులా ఉండుటచే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. చెవులు రెండూ వేటికవే తిరుగును. నిమ్మళంగా ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి 28 నుండి 44 సార్లు మాత్రమే కొట్టుకొనును. మనకు 60 నుండి 100. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు గుర్రాలకు అపరిచితుల ఫోటోలు చూపించి పరీక్షించిరి. కోపపు ముఖం కనిపించినప్పుడు అవి ఎడమకంటితో చూచుటయు, గుండె వేగం త్వరగా పెరుగుటయు గమనించబడినది.

ఇంతకంటె పాత కథ ఒకటి మాకు మరీ ఇష్టం. 1904 ప్రాంతంలో బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, సమాధానాన్ని డెక్కతో నేలపై తట్టి చెబుతుందని గొప్ప పేరు వచ్చినది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, 1907లో అసలు సంగతి వెల్లడించెను. అడిగేవానికి సమాధానం తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. తట్టులు సరియైన అంకెకు చేరగానే అడిగేవాని తలలో, భుజాలలో తనకే తెలియని సూక్ష్మమైన కదలిక వచ్చేది. గుర్రం దానిని చూసి ఆగేది. లోకులు దీనిని గుట్టు రట్టు అయినదిగా చెప్పుకొన్నారు. మాకు మాత్రం, కొలమానాలతో వృత్తిజీవితం గడిపిన వారమగుటచే, అంతటి సున్నితమైన సాధనం ఏ ప్రయోగశాలలో దొరుకుతుందా అనిపించును.

వ్యాధిగ్రస్తులకు జంతువుల సాంగత్యం మేలు చేయునన్న భావన కొత్తది కాదు. 1796లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో విలియం ట్యూక్ స్థాపించిన మానసిక రోగుల ఆశ్రమంలో, గొలుసులకు బదులు తోటలు, కుందేళ్ళు, కోళ్ళు ఉండేవి. డెన్మార్క్‌కు చెందిన లిజ్ హార్టెల్ పోలియో వలన మోకాళ్ళ దిగువన చచ్చుబడిన కాళ్ళతోనే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీలో రజత పతకం గెలిచిన తరువాత, చికిత్సా స్వారీకి ఐరోపాలో ప్రాచుర్యం కలిగినది. స్వారీ లేకుండా కేవలం మనస్సు కొరకు గుర్రం వద్ద నిలుచుట ఆ తరువాతి పరిణామం.

మన పురాణాల మాటకు వస్తే, పాండవుల అజ్ఞాతవాసంలో నకులుడు విరటుని అశ్వశాలలో ఏడాది గడిపినాడు. మన కర్మాగార ఉద్యోగినిగా ఉంటూనే దేశదేశాల మెప్పు పొంది, 2019లో పద్మవిభూషణ్ గౌరవం అందుకొన్న తీజన్ బాయి గారి పండవానీ ద్వారా పాండవుల గాథలు భిలాయి వారికి సుపరిచితాలే. అంతకంటె మన ప్రస్తుతాంశానికి దగ్గరైనది నలుని కథ. రాజ్యం, భార్య, చివరికి తన రూపం కూడా కోల్పోయి బాహుకుడై, ఋతుపర్ణుని గుర్రాలను చూసుకుంటూ బ్రతికిన నలుడు, తోవలో ఒక తాండ్రచెట్టు ఆకులను, కాయలను నిలబడి లెక్కించెను. ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం గ్రహించిన క్షణాన కలి ఆయన దేహాన్ని విడిచిపోయెను. కలిని కుంగుబాటు అని అర్థం చెప్పుట పండితులకు నచ్చకపోవచ్చును గాని, ఎదుటనున్న చెట్టును ఉన్నదున్నట్లు చూచుటతో పీడ వదలుట మాకు ఆలోచింపదగినదిగా తోచినది.

ఉన్నదానిని ఉన్నట్లు చూచుటనే నేడు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. తెలుగులో ఎరుక అన్న మాట దీనికి చాలును. బౌద్ధంలో ఇది సతి, సంస్కృతంలో స్మృతి. సాంచీ తూర్పు తోరణంపై సిద్ధార్థుని గృహత్యాగం చెక్కిన శిల్పి, రౌతు లేని గుర్రాన్ని, దానిపై ఛత్రాన్ని మాత్రమే చూపించినాడు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1986లో కన్నుమూసే వరకు ఎంపిక లేని ఎరుకను గురించే ప్రసంగించినారు. బర్మా నుండి వచ్చిన గోయెంకా గారు 1969లో మన దేశంలో విపశ్యన శిబిరాలు ప్రారంభించగా, హైదరాబాదు వద్ద కూడా కేంద్రం వెలసినది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ ఈ అభ్యాసాన్ని మతప్రసక్తి లేని ఎనిమిది వారాల శిక్షణగా మలచినారు. 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక పరీక్షలో, మూడు లేక అంతకు మించి సార్లు కుంగుబాటుకు లోనైనవారిలో తిరిగి వ్యాధి సోకినవారు సాధారణ చికిత్స పొందినప్పుడు 66 శాతం కాగా, దానితో పాటు ఇటువంటి ఎరుక శిక్షణ పొందినప్పుడు 37 శాతం.

అయితే కన్నులు మూసి కూర్చొనుట రచయితకు కొన్నిసార్లు మరింత కష్టం. కన్నులు మూయగానే పాత్రలన్నియు వచ్చి మాట్లాడసాగును! మా మిత్రులు చెప్పినదదియే. గుర్రం వద్ద కన్నులు తెరచియే ఉండవలెను, 400 కిలోల ప్రాణి పక్కన పరధ్యానం కుదరదు, పైగా దానికి మన సంభాషణా చాతుర్యంతో నిమిత్తం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎరుక అభ్యాసానికి ఉన్నంత బలమైన ఆధారాలు అశ్వచికిత్సకు లేవు. 2014లో జరిగిన ఒక సమీక్ష, అప్పటి అధ్యయనాలలో చాలావరకు లోపభూయిష్టాలని తేల్చినది. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు 63 మంది మాజీ సైనికులకు ఎనిమిది వారాలు ఈ చికిత్స చేసి మేలు చూచిరి గాని, పోల్చుటకు చికిత్స పొందని బృందం అందులో లేదు. మందులు మానివేసి గుర్రం వద్దకు పరుగెత్తుట అవివేకం. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా పదిరోజుల మౌన శిబిరాలలో చేరుట కూడా తగదు.

భిలాయిలో మేమెరిగిన గుర్రాలు పెళ్ళి ఊరేగింపులవి. బ్యాండు మోతల నడుమ, టపాకాయల నడుమ అవి ఎంత భయాన్ని దిగమింగుకొని నడుస్తున్నవో ఇప్పుడు చెవులు చూసి తెలుసుకుంటున్నాము. చికిత్సకు గుర్రమే కావలెనని లేదు. వీధి కుక్కకు అన్నం పెట్టేటప్పుడు, క్వార్టరు పెరట్లో మొక్కలకు నీరు పోసేటప్పుడు, ఎదుటి ప్రాణిని అయిదు నిమిషాలు శ్రద్ధగా చూచుటతో మొదలు పెట్టవచ్చును. ఇంటిలో ఎవరైనా నిద్ర, తిండి, మాట తగ్గించుకొన్నారని తోస్తే మాత్రం ఈ చిట్కాలతో కాలయాపన చేయరాదు, వైద్యుని కలియవలెను. 2022 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో కూడా మాట్లాడవచ్చును.

మా మిత్రులు నాలుగు నెలలకు తిరిగి వచ్చి విధులలో చేరినారు. మందులు ఇంకను వాడుచున్నారు. నాటకం మాత్రం ఇంతవరకు రాయలేదు, మేమూ అడగలేదు. మొన్నటి ఉగాదికి కుర్రవాళ్ళు వేసిన నాటకంలో తెర వెనుక ప్రాంప్టింగుకు తామే వచ్చి కూర్చున్నారు. రెండవ అంకంలో కథానాయకుడు సంభాషణ మరచి నిలబడిపోయినప్పుడు, ఆయన వెంటనే అందించలేదు. కుర్రవాని భుజాల వంక చూస్తూ ఒక్క శ్వాస కాలం ఆగినారు. ఆ లోపున అతనికే గుర్తుకు వచ్చినది.