ఓటీ సెషన్ దేనికోసం? థెరపిస్ట్‌ను అడగాల్సిన మాటలు

పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది: "మీ బాబును ఒకసారి ఓటీకి చూపించండి." చేతిరాత అర్థం కావడం లేదనో, సీట్లో నిమిషం కుదురుగా ఉండడం లేదనో, తొమ్మిదేళ్లొచ్చినా షూ లేసు కట్టుకోలేకపోతున్నాడనో టీచర్ ఆ మాట అంటారు. తల్లిదండ్రులు ఇంటికెళ్లి ఫోన్‌లో వెతుకుతారు, దగ్గర్లో ఉన్న సెంటర్‌కు వెళ్తారు. అక్కడ ఊయలలు, పెద్ద పెద్ద బంతులు, మెత్తటి పరుపులు కనిపిస్తాయి. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి ముప్పావు గంట, మూడు నెలల ప్యాకేజీ అంటారు. డబ్బు కట్టి బయట కుర్చీలో కూర్చుంటారు. లోపల ఏం జరుగుతోందో, అది దేనికోసమో చాలామందికి తెలియదు. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం ఒకటి. అడగకపోతే నష్టం డబ్బుది మాత్రమే కాదు. బాబు ఆడుకోవాల్సిన సాయంత్రాలు కూడా అందులోనే పోతాయి.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం అని కాదు, మనిషి రోజంతా చేసుకునే పనులు అని. పిల్లల పనులేమిటి? పళ్లు తోముకోవడం, అన్నం కలుపుకుని తినడం, యూనిఫాం గుండీలు పెట్టుకోవడం, బోర్డు మీదున్న హోమ్‌వర్క్ డైరీలోకి ఎక్కించుకోవడం, ఇంటర్వెల్‌లో నలుగురితో ఆడుకోవడం. వీటిలో ఏదైనా కష్టమవుతుంటే, ఆ పని చేసుకోగలిగేలా సాయపడేదే ఆక్యుపేషనల్ థెరపీ. ఇది నిన్న మొన్న వచ్చిన ఫ్యాషనేం కాదు. మన దేశంలో 1950లో ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ తొలి శిక్షణ పాఠశాల మొదలుపెట్టారు. 1952లో ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు దాన్ని స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి.

ఇక "ఎవిడెన్స్ బేస్డ్" అన్న మాట. సెంటర్ల కరపత్రాల్లో ఇది బాగా కనిపిస్తోంది. 1996లో డేవిడ్ శాకెట్, ఆయన సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ పనికొస్తుంది. మంచి పరిశోధన ఏం చెబుతోంది, చికిత్స చేసేవారి అనుభవం ఏం చెబుతోంది, చికిత్స పొందేవారు ఏం కోరుకుంటున్నారు అనే మూడూ కలిస్తేనే అది ఆధారంతో కూడిన వైద్యం అన్నారు. మూడోదాన్ని గమనించండి. మీ అమ్మాయికి ఏం కావాలో ఎవరూ అడగకుండా మొదలుపెట్టిన థెరపీ, ఎన్ని పరిశోధనా పత్రాలు చూపించినా, ఆ నిర్వచనానికి సరిపోదు.

పరిశోధన ఏం చెబుతోందన్నదానికి ఒకే చోట జవాబు కావాలంటే 2019లో ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నోవాక్, ఇంగ్రిడ్ హోనన్ చేసిన సమీక్ష ఉంది. వైకల్యాలున్న పిల్లలకు చేసే ఆక్యుపేషనల్ థెరపీ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వారు ముందేసుకున్నారు. ఏ ఇబ్బందికి ఏ పద్ధతి అని 135 జతలుగా విడదీసి, ట్రాఫిక్ సిగ్నల్ రంగులు వేశారు. 40 జతలకు ఆకుపచ్చ, అంటే నిశ్చింతగా చేయొచ్చు. 75 జతలకు "బహుశా చేయొచ్చు, కానీ ఫలితం కొలుస్తూ ఉండండి" అన్న పసుపు. మరో 14 జతలదీ పసుపే, కానీ "బహుశా వద్దు" వైపు. 6 జతలకు ఎరుపు. అంటే ఈ రంగంలో పనిచేసేవి చాలానే ఉన్నాయి, పనిచేయనివీ ఉన్నాయి. "థెరపీ కదా, మంచిదే" అని కళ్లు మూసుకోవడానికి లేదు.

ఆకుపచ్చ వచ్చినవాటిలో ఎక్కువ వాటికి ఒక పోలిక ఉంది. పిల్లలకు కావాల్సిన పనితోనే అవి మొదలవుతాయి. ఆ పనినే, అది జరిగే చోటే సాధన చేయిస్తాయి. ఇంట్లో ఎలా చేయించాలో తల్లిదండ్రులకు నేర్పుతాయి. లేసు కట్టడం రావాలంటే లేసు కట్టించాలి. ఇంత తేలిగ్గా చెబితే దీనికి థెరపిస్ట్ ఎందుకని మీకు అనిపించవచ్చు. పనిని ఎన్ని ముక్కలుగా విడగొట్టాలి, ఏ ముక్క దగ్గర పిల్లవాడు ఆగిపోతున్నాడు, ఎక్కడ చెయ్యి పట్టుకోవాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది తెలియడమే వారి విద్య. దానికే నాలుగేళ్లకు పైగా చదువుతారు.

చేతిరాత సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్కూల్ నుంచి ఓటీకి పంపే కారణాల్లో అదే ముందుంటుంది. 2006లో డెంటన్, ఆమె సహచరులు అమెరికాలో రాత సరిగ్గా రాని 38 మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. పిల్లల వయసు ఆరు నుంచి పదకొండేళ్లు. వారానికి నాలుగు రోజులు, ఐదు వారాలు. ఒక బృందంతో వేళ్ల బలం, చూపు, స్పర్శ వంటి "పునాది నైపుణ్యాల" కసరత్తులు చేయించారు. ఇంకో బృందంతో నేరుగా రాయించారు, తప్పు ఎక్కడుందో చూపిస్తూ. మూడో బృందానికి ఏమీ లేదు. నేరుగా రాసినవారి రాత ఒక మోస్తరుగా మెరుగుపడింది. కసరత్తులు చేసినవారిలో ఆ నైపుణ్యాలు కొన్ని పెరిగాయి, కానీ రాత మాత్రం మునుపటి కంటే తగ్గింది.

ఇది ఒక చిన్న ప్రయోగమే. కానీ 2011లో హోయ్, ఈగన్, ఫెడర్ అనే కెనడా పరిశోధకులు చేతిరాత మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా అదే తేలింది. రాయడం లేని చికిత్సలు పనిచేయలేదు. రాయించినా ఇరవై సెషన్లకు తక్కువైతే పనిచేయలేదు.

ఇప్పుడు మీ ప్యాకేజీని లెక్క వేయండి. వారానికి మూడు ముప్పావు గంటల చొప్పున పన్నెండు వారాలంటే 27 గంటలు. ఈ 27 గంటల్లో బాబు చేతిలో పెన్సిల్ ఎన్ని గంటలుంది? పూసలు గుచ్చడం, పిండి ముద్ద పిసకడం, పట్టకారుతో బంతులు తీయడం అన్నీ బాగానే ఉంటాయి, పిల్లలకు సరదా కూడా. వాటితోనే 20 గంటలు గడిచిపోతే మాత్రం రాత బాగుపడలేదని పిల్లవాణ్ణి అనడం అన్యాయం. ఇంకో మాట. ఈ అధ్యయనాలు ఎక్కువగా ఇంగ్లీష్ అక్షరాలు రాసే పిల్లల మీద జరిగినవే. మన పిల్లలు తెలుగు, హిందీ, ఇంగ్లీష్ మూడు లిపులు రాస్తారు. గుణింతాలు, వత్తులు ఎక్కడ పెట్టాలన్నది వేరే రకం సమస్య. అందుకే మొదటిరోజే పిల్లవాడి తెలుగు నోట్‌బుక్ కూడా చూపించమని అడిగే థెరపిస్ట్ మీద నాకు గౌరవం.

ఊయలల గది గురించి కూడా చెప్పుకోవాలి. సెన్సరీ ఇంటిగ్రేషన్ అన్నది అమెరికన్ థెరపిస్ట్ జీన్ ఆయర్స్ రూపొందించిన పద్ధతి. శబ్దం, స్పర్శ, కదలిక వంటివాటిని మెదడు సర్దుకోలేకపోతే ప్రవర్తనలో ఇబ్బంది వస్తుందన్నది దాని ఆలోచన. 2014లో ఆటిజం ఉన్న 32 మంది పిల్లల మీద జరిగిన అమెరికా అధ్యయనంలో, ముందుగా పెట్టుకున్న వ్యక్తిగత లక్ష్యాల్లో మెరుగుదల కనిపించింది. 2022లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం ఇంకా పెద్దది, 138 మంది పిల్లలు. అందులో ఆరు నెలల తర్వాత చిరాకు, ఆందోళన తగ్గడంలో మామూలు సేవలు పొందినవారికీ, ఈ థెరపీ తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే ఒక మధ్యేమార్గం సూచించింది. ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి, లక్ష్యం పెట్టుకోవాలి, గడువు పెట్టుకోవాలి, ఆ గడువులోగా ఫలితం ఉందో లేదో చూడాలి. ఊయల చెడ్డదని ఎవరూ అనడం లేదు. పాప ఊయల ఊగాక స్కూల్లో ఏ పని తేలికవుతుందని ఆశిస్తున్నారో చెప్పమంటున్నాం, అంతే. ఇక బరువు జాకెట్ల సంగతి: అవి వేస్తే పిల్లలు కుదురుగా ఉంటారన్నదానికి పరిశోధనల్లో మద్దతు దొరకలేదు. వేలు పోసి కొనే ముందు ఆగండి.

కొలవడం ఎలా? కెనడాలో తయారైన సీఓపీఎం అనే పద్ధతి ఒకటుంది, థెరపిస్టులకు బాగా తెలిసినదే. మీకూ పిల్లలకూ ముఖ్యమైన పనులేవో మీరే చెబుతారు. ఒక్కోటీ ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో 1 నుంచి 10 వరకు మార్కు వేస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ వేస్తారు. రెండు మార్కుల తేడా వస్తే అసలైన మార్పు వచ్చినట్టే అని సాధారణంగా లెక్క. "ఏకాగ్రత పెరుగుతుంది" అన్నది లక్ష్యం కాదు, ఎవరూ కొలవలేరు. "రెండు నెలల్లో, ఎవరూ గుర్తు చేయకుండా, డైరీలో హోమ్‌వర్క్ మొత్తం వారానికి నాలుగు రోజులు రాసుకుంటుంది" అన్నది లక్ష్యం. మొదటి సెషన్‌కే ఇలాంటి వాక్యం కాగితం మీద రాసివ్వమనండి.

నైతికత అన్న పెద్ద మాట ఇక్కడే చిన్నగా మొదలవుతుంది. ఆటిజం పూర్తిగా తగ్గిస్తామని గ్యారంటీ ఇచ్చేవారి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, అందులో ఆలోచించేదేం లేదు. అసలు పరీక్ష అంత సులువుగా కనిపించని చోట ఉంటుంది. థెరపీ ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది థెరపిస్టే, కొనసాగితే ఆదాయం వచ్చేదీ వారికే. ఆ స్థితిలో కూడా "ఇక మీరు రానక్కర్లేదు, ఇంట్లో ఇలా చేసుకోండి" అనో, "నా పద్ధతి పని చేయడం లేదు, ఫలానా నిపుణుల దగ్గరికి వెళ్లండి" అనో చెప్పేవారు ఉన్నారు. అలాంటివారిని వదులుకోకండి. తలుపు మూసి, మీరు లోపలికి రాకూడదంటే కారణం అడగండి. మొదట్లో అమ్మను చూస్తే పిల్లలు మారాం చేస్తారన్నది నిజమే. కానీ మూడు నెలలైనా మీకు ఒక్క సెషన్ చూపించకపోతే ఇంట్లో మీరేం చేయిస్తారు? రోజూ ఏడుస్తూ వెళ్లే పిల్లవాడి ఏడుపు కూడా ఒక సమాచారమే, "అలవాటైపోతుంది" అని కొట్టిపారేయకూడదు.

పిల్లల వీడియోలు సెంటర్ సోషల్ మీడియా పేజీలో పెట్టడం మరో సమస్య. "ప్రోగ్రెస్ చూడండి" అని పెట్టే ఆ వీడియో పిల్లవాడు పదో తరగతికి వచ్చినా అక్కడే ఉంటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారం వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి అంటోంది. చేరేటప్పుడు ఇచ్చే ఫారం చివర్లో సమ్మతి గడి ఉందేమో చూసి, ఇష్టం లేకపోతే కొట్టేసి సంతకం పెట్టండి. దానివల్ల థెరపీ ఇవ్వమంటే అది సరైన చోటు కాదు.

డిగ్రీ అడగడానికి కూడా మొహమాటం వద్దు. ఆక్యుపేషనల్ థెరపీలో బ్యాచిలర్ డిగ్రీ అంటే బీఓటీ. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు దానికి సాటి కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తిని కూడా తన పరిధిలోకి తెచ్చి, రాష్ట్ర స్థాయిలో రిజిస్టర్లు ఉండాలంది. ఖర్చు భారమైతే ప్రభుత్వ దారులూ ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి.

స్కూల్ వైపు నుంచి కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. టీచర్ "ఓటీకి చూపించండి" అన్న ప్రతి పిల్లవాడికీ థెరపీ అవసరమని కాదు. కాళ్లు నేలకు ఆనని బెంచీ మీద కూర్చున్న ఒకటో తరగతి పిల్లవాడు కదలడం సహజం. ముందు కాళ్ల కింద ఒక పీట వేసి చూడాలి. ఐదేళ్ల పిల్లల రాత గీత మీద నిలబడకపోతే అది వయసు. అందుకే టీచర్ ఆ మాట అన్నప్పుడు, ఏ పని దగ్గర ఇబ్బంది కనిపించింది, ఎన్ని రోజులుగా, క్లాసులో ఏం మార్చి చూశారు అని టీచర్‌నూ అడగండి. ఆ వివరాలు థెరపిస్ట్‌కు కూడా కావాలి.

ఇప్పటికే సెషన్లు నడుస్తుంటే, ఆ లక్ష్యాల కాగితం కాపీ ఒకటి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. డైరీ రాసుకోవడమే లక్ష్యమైతే, చివరి పీరియడ్‌లో ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వడం మా చేతిలో పనే. ఎన్ని రోజులు పూర్తిగా రాసుకుందో టిక్కు పెట్టి మీకు పంపగలం. థెరపిస్ట్ వచ్చి క్లాసులో చూస్తానంటే ముందురోజు కౌన్సెలర్‌కు చెబితే చాలు. వెనక బెంచీలో కూర్చుని చూడొచ్చు, ఎవరి కోసం వచ్చారో మిగతా పిల్లలకు చెప్పం. రిపోర్టులు కౌన్సెలర్ బీరువాలో ఉంటాయి, మీరు సంతకం పెట్టి ఇవ్వమన్నవారికే వెళ్తాయి.