పాత హిచ్ నంబరు కనుక్కోవడం ఎలా?

వర్క్‌షాప్‌లో 6203 అని ఉన్న బేరింగ్ కనిపిస్తే లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లని టక్కున చెప్పేస్తాం. ఏ కంపెనీ చేసినా ఆ నంబరుకి అర్థం ఒకటే. కారు వెనక ట్రైలర్ తగిలించే హిచ్‌కి మాత్రం ఈ లెక్క కుదరదు. ఏ కంపెనీ నంబర్లు దానివే. పైగా ఒక మోడల్‌కి చేసింది ఇంకో మోడల్‌కి పట్టకపోవచ్చు. రేపు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళి, చవగ్గా వస్తోందని సెకండ్ హ్యాండ్ హిచ్ కొనేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

మొదట స్టిక్కర్ వెతకండి. మామూలుగా అది రిసీవర్ గొట్టం మీదో, అడ్డ కమ్మీ మీదో ఉంటుంది. కంపెనీ పేరు, పార్ట్ నంబరు, ఎంత బరువు లాగొచ్చో అందులోనే ఉంటాయి. తుప్పు కనిపించగానే వైర్ బ్రష్ అందుకోకండి, ఉన్న అక్షరాలు కూడా పోతాయి. సబ్బునీళ్ళ గుడ్డతో మెల్లగా తుడిచి, పక్కనుంచి టార్చ్ వేసి ఫొటో తీయండి.

స్టిక్కర్ లేదా? అది ఏ కారుది, ఏ ఏడాది మోడల్ అని అమ్మేవాణ్ణి అడగండి. ఆ కారుకి కంపెనీలు ఇచ్చే ఫిట్టింగ్ డ్రాయింగ్‌తో బోల్టు కన్నాల దూరం పోల్చండి. రెండు కన్నాలూ ఒకే సైజైతే మధ్య బిందువులు వెతకక్కర్లేదు. ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకి కొలిస్తే సరి.

అయితే కొలతలు చెప్పేది పడుతుందా లేదా అన్నదే. మోస్తుందా అన్నది చెప్పవు. క్లాస్ 1, క్లాస్ 2 రెండింటికీ సాధారణంగా రిసీవర్ నోరు ఒకటింపావు అంగుళమే. కానీ మొదటిదాని పరిమితి 2000 పౌండ్లు, రెండోదానిది 3500. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా హైవే మీద తెలుస్తుంది!

నంబరు దొరికినా కారు, హిచ్, బాల్ మౌంట్, బాల్... వీటిలో దేని పరిమితి తక్కువో అదే మొత్తానికి పరిమితి. వంగినా, పగులున్నా, ఎవరో వెల్డింగ్ చేసినట్టున్నా అసలు కొనొద్దు. నంబరు తేలకపోతే బేరం ఎంత బాగున్నా అది పాత ఇనుమే. అలాగే చూడండి.