మాత్రవేళ, నిద్రవేళ

ఇంట మతిమఱపువ్యాధి గల పెద్దలున్నచో పగటికంటె రాత్రియే కష్టమని యనుభవించిన గృహిణులందఱు నెఱుగుదురు. పగలు పదిమంది కనిపెట్టియుందురు. పేరు మఱచినను, తిన్న యన్నము తినలేదన్నను, ఒకరు కాకున్న నొకరు సమాధానపఱతురు. రాత్రి యట్లు గాదు. ఇల్లు మాటుమణగిన పిమ్మట వారొక్కరే మేల్కొని, గడియ లాగుచు, గోడలు తడవుచు, ఎన్నడో కాలము చేసిన తోబుట్టువులను పిలుచుచు తిరుగుదురు. వారితోపాటు మేల్కొనవలసినది ఆ యింటి కోడలో, కూతురో. తెల్లవాఱి పొయ్యి వెలిగింపవలసినదియు నామెయే. పెద్దవారిని ఇక నింట నుంచుకొనలేమను మాట పెక్కిండ్లలో మఱపునుబట్టి గాక యీ నిద్రలేమినిబట్టియే పుట్టుచున్నది.

నేను చెప్పబోవునది చిన్నసంగతి. ఆ వ్యాధికై మనము వేయు మాత్ర యే గంటకు వేయుచున్నామో దానినిబట్టి కొందఱి రాత్రులు మాఱుచుండును. ఇది మా యింట మూడునెలలు కష్టపడి తెలిసికొన్న విషయము.

మా యత్తగారికి డెబ్బదియాఱవయేట నీ వ్యాధి యని వైద్యులు నిర్ణయించి, డోనెపెజిల్ అను మాత్ర, 5 మిల్లీగ్రాములది, రాత్రి పండుకొనబోవు ముందు వేయుడని చీటిలో వ్రాసిరి. ఆ వ్రాతలో తప్పేమియు లేదు. ఆ మందుతో వచ్చు కాగితముననే నిద్రకు ముందు వేయవలెనని యుండును. మొదటినెల కొంత వికారమును, రెండు మూడుదినములు విరేచనములును కలిగి తగ్గెను. పిమ్మట మాత్రను 10 మిల్లీగ్రాములకు హెచ్చించిరి. అది మొదలు స్వప్నములు. గోదావరివఱదలో చిన్నతమ్ముడు కొట్టుకొనిపోవుచున్నాడని, "వాణ్ణి పట్టుకోండర్రా!" యని కేకలు వేయుచు లేచెడివారు. ఆ తమ్ముడు ముసలివాడై, మనుమలనుగూడ నెత్తుకొని, పదేండ్లక్రిందట పోయినవాడు. ఒకనాడు నాలుగుగంటల చీకటిలో వీధితలుపు తెఱచికొని గట్టువైపు నడచుచుండగా పాలవాడు చూచి చేయిపట్టుకొని తోడ్కొనివచ్చెను.

బంధువు లొకరు నిద్రమాత్ర వేసి చూడుడనిరి. మందులషాపులో అల్‌ప్రజోలామ్ అడుగగానే చీటి లేకయే యిచ్చిరి. ఆ రాత్రి యత్తగారును నిద్రించిరి, మేమును నిద్రించితిమి. మూడవనాటి యుదయము వారు స్నానపుగదికి బోవుచు కాళ్లు తూలి పడిరి. ఎముక విఱుగలేదుగాని కనుబొమ్మపై నాలుగు కుట్లు పడినవి. కుట్లు వేసిన వైద్యురాలు మా మందులసంచిని బల్లపై బోర్లించి, ఒక్కొక్కటి చేతబట్టుకొని, ఇది యే వేళకు వేయుచున్నారని యడిగిరి. మూడునెలలలో ఆ ప్రశ్న మమ్ములనడిగినవా రామె యొక్కరే. మేమును ఎవ్వరికిని చెప్పియుండలేదు. స్వప్నములు వ్యాధిలో భాగమనియే యెంచితిమి.

అట్లెంచుటకు కారణము లేకపోలేదు. ఈ వ్యాధి మొదట గుర్తింపబడినప్పుడే నిద్రలేమి దానితో గూడియుండెను. ఆలోయిస్ ఆల్జీమర్ అను జర్మనువైద్యుడు 1901 వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టు ఆస్పత్రిలో పరీక్షించి, 1906 లో తోడివైద్యుల సభయందు వర్ణించిన స్త్రీ, రాత్రులందు కేకలువేయుచు తిరుగుచుండెడిదే. మెదడులో పగలురేలను గుర్తించు గడియారమువంటి కణసముదాయ మొకటి కలదు. వ్యాధి దానినిగూడ దెబ్బతీయును. అందుచే, వైద్యశాస్త్రరీత్యా డిమెన్షియా యనబడు నీ వ్యాధి గలవారు పగలు కునుకుటయు రాత్రి మేల్కొనుటయు మందుతో నిమిత్తము లేకయే కలుగును. కాని, వ్యాధివలన వచ్చినదేది, మందువలన వచ్చినదేది యని వేఱు చేసి చూడనంతవఱకు, మందువలన వచ్చినదానికి మఱియొక మందు వేయుచుందుము.

ఇక నా మందు చేయు పని చెప్పెదను. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము జ్ఞాపకమునకును, మనసు నిలుపుటకును తోడ్పడును. ఈ వ్యాధిలో దానిని పుట్టించు కణములు క్రమముగా నశించును. డోనెపెజిల్, రివాస్టిగ్మైన్, గాలంటమైన్ అను మూడును ఆ ద్రవ్యమును విఱుచు ఎంజైము నడ్డగించి, ఉన్నకొద్దిపాటి ద్రవ్యమును ఎక్కువసేపు నిలుపును. వ్యాధిని కుదుర్చు శక్తి వీనిలో దేనికిని లేదు. కొందఱికి కొంతకాలము మాట, నడవడి, స్నానభోజనముల తెలివి నిలుపుటయే వీని ప్రయోజనము. ఆ ద్రవ్యము మెలకువలోను, స్వప్నములు వచ్చు నిద్రలోను హెచ్చుగా నుండి, గాఢనిద్రలో తగ్గియుండుట స్వభావసిద్ధము. డోనెపెజిల్ మాత్ర రాత్రి పదిగంటలకు మ్రింగినచో, మూడు నాలుగు గంటలకు, అనగా ఒంటిగంట రెండుగంటల నడుమ, రక్తములో దాని పాలు మిక్కిలి హెచ్చును. గాఢనిద్ర కావలసిన వేళనే మెదడు స్వప్నములవైపు త్రోయబడును. మా యత్తగారి కేకలు మొదలగు గంటయు నదియే.

అట్లయిన రాత్రివేళ యని యేల వ్రాయుదురన్న శంక కలుగును. ఈ మందు కొత్తలో కడుపులో త్రిప్పుటయు, తలతిరుగుటయు కలిగించును. నిద్రలో నున్నచో నవి తెలియక గడచిపోవునని యట్లు వ్రాయుదురు. రాత్రివేళ మాత్ర వేసికొని సుఖముగా నిద్రించుచున్నవారికి దానిని మార్చవలసిన పని లేదు. భయంకరస్వప్నములు గాని, నడిరేయి మెలకువ గాని మందు మొదలిడిన తరువాతనో, మోతాదు హెచ్చించిన తరువాతనో కలిగినచో, ఉదయమునకు మార్చవచ్చునా యని వైద్యు నడుగవలయును.

మాకు వైద్యురాలు చెప్పినది యిది: ఆనాటి రాత్రిమాత్ర మాని, మఱునాటి యుదయము ఫలహారము తరువాత నిచ్చి, ఇక ప్రతిదినము నావేళకే యిచ్చుచుండుడు. రాత్రి నొకటి, తెల్లవాఱి నొకటి పొరపాటుననైనను పడరాదు. ఒకపూట యెడము పడినందువలన భయము లేదు. ఏలయన డోనెపెజిల్ శరీరమున సగమునకు తగ్గుటకే సుమారు 70 గంటలు పట్టును. వేళ మార్చిన మొదటిరాత్రియే గుణము కనబడకపోవుటకు కారణమును ఇదియే. మేము నాలుగురాత్రులు నిరాశపడితిమి. అయిదవరాత్రి వారు నాలుగుగంటలవఱకు కదలలేదు. రెండవవారము ముగియునప్పటికి కేకలు నిలిచినవి. అందఱికి నిట్లే యగునని నేను చెప్పజాలను. వేళ మార్చినను తగ్గనిచో మోతాదు తగ్గించుటయో, మందు మార్చుటయో వైద్యు లాలోచింతురు. మనంతట మనమే మానివేయుట మాత్రము తగదు.

మిగిలిన మందుల వేళలు వేఱు. రివాస్టిగ్మైన్ గొట్టపుమాత్రలు ఉదయమొకటి, సాయంకాలమొకటి యన్నముతో వేయవలెను. పరగడుపున వేసినచో వాంతి కలుగవచ్చును. అదే మందు చర్మముపై నతికించు పట్టీగా దొరకును. పట్టీ 24 గంటలకొకటి. క్రొత్తది యంటించుటకు ముందు పాతది తీసివేయవలెను. అంటించినచోటనే మఱల 14 దినములవఱకు నంటింపరాదు. ఇది విని నవ్వెదరేమో! వీపుమీదిది కనబడక, పాతదాని నట్లే యుంచి యింకొక టంటించుట యిండ్లలో జరుగుచునే యున్నది. అది రెట్టింపు మోతాదై ప్రాణముమీదికి తెచ్చును. ఈ మందు మూడుదినములకంటె నెక్కువ తప్పిపోయినచో పాతమోతాదుతో మొదలిడక వైద్యు నడుగవలెను. మరల తక్కువనుండి హెచ్చింపవలసియుండును. గాలంటమైన్ కూడ ఆహారముతో వేయవలసినదే; దినమంతయు మెల్లగా కరగు రకము ఉదయమొక్కమాఱు చాలును. మెమాంటైన్ వేఱుతరగతి మందు. అది కొందఱిని మగతపఱచును, కొందఱిని కలవరపెట్టును. మీ యింటివారి కేది కలిగినదో చెప్పినచో వైద్యులు వేళ నిర్ణయింతురు.

మాత్రవేళ సరిదిద్దినను సంచిలోని తక్కినవానిని చూడకున్న ఫలము లేదు. రక్తపుపోటునకో, కాళ్లవాపునకో యిచ్చు మూత్రము జాఱుటకైన మాత్ర సాయంకాలము పడినచో రాత్రి నాలుగుమాఱులు లేవవలసివచ్చును. దానిని ఉదయమునకు మార్చవచ్చునేమో అడుగుడు. జలుబునకు, దగ్గునకు, దురదకు షాపులో నిచ్చు క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి నిద్ర తెప్పించును గాని అవి ఎసిటైల్‌కోలిన్ పనిని చెఱచును. మూత్రము పట్టులేనివారి కిచ్చు ఆక్సిబ్యుటినిన్, నొప్పులకో నిద్రకో యిచ్చు అమిట్రిప్టిలిన్ కూడ నంతే. ఒకప్రక్క కుండలో నీరుపోయుచు మఱొకప్రక్క నడుగున చిల్లి పొడిచినట్లు! నిద్రమాత్రలు పెద్దలను పడవేయుటయేగాక మతిని మఱింత కలచును. వానిని చాలకాలముగా వేసికొనుచున్నవారు ఒక్కమాఱుగా మానుటయు ప్రమాదమే. వైద్యుని యాలోచనతో మెల్లగా తగ్గింపవలెను. ఉద్రేకమునకిచ్చు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ మొదలగువానివలన నీ వ్యాధి గల వృద్ధులలో మరణములు హెచ్చుచున్నవని అమెరికా ఔషధాధికారులు రిస్పెరిడోన్ వంటివానినిగూర్చి 2005 లోను, హాలోపెరిడాల్ వంటివానినిగూర్చి 2008 లోను హెచ్చరించిరి. వేఱుదారి లేనప్పుడు కొలదికాలము వాడదగినవేగాని, ఇల్లు నిద్రించుటకై వేయదగినవి గావు.

ఇంకొకమాట. డోనెపెజిల్ మొదలగు మూడుమందులును గుండెవేగమును తగ్గింపగలవు. రక్తపుపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి కూడ వాడువారిలో నది మఱింత జరుగును. స్పృహ తప్పి పడినను, నాడి నిమిషమునకు 50 కంటె తక్కువ కొట్టుచున్నను ఆ దినముననే వైద్యునికి చూపవలెను. "వయసు మీఱినది, తూలినారు" అని యూరకుండరాదు.

ఇవి యన్నియు చెప్పుటకు మనకు రెండునిమిషములకంటె నెక్కువ దొరకదు. చీటి వ్రాయించుకొనుటకు నలుబదిమంది కూర్చుండియుందురు. కావున నేనొక నోటుబుక్కు పెట్టితిని. ఏ మాత్ర యే గంటకు పడినది, ఎప్పుడు పండుకొనిరి, ఎన్నిమాఱులు లేచిరి, లేచినప్పుడేమనిరి, పగలెంత కునికిరి, విరేచనమైనదా, కాలునొప్పి యనిరా — ఇంతే. తమకు నొప్పి యున్నదని చెప్పలేనివారు రాత్రి కలవరపడుదురు, మలబద్ధకమునకును అట్లే. రెండువారముల వ్రాతను చూచి వైద్యురాలు అరనిమిషములో గ్రహించిన సంగతిని నేను నోటితో చెప్పియుండలేను.

పగలు కొంత మార్చితిమి. ఉదయము ఎండపొడలో అరుగుమీద కూరుచుండబెట్టి, వత్తులు చేయుటకు ప్రత్తి చేతికిచ్చుచున్నాము. వత్తులు వంకరగా వచ్చును, వెలుగును. పగలు కునుకు అరగంటకు మించనీయము. మూడుగంటలు దాటిన పిమ్మట కాఫీ మానిపించితిమి. మాత్రవేళ మార్చుటకంటె ఇదియే కష్టమైనది. అసురసంధ్యవేళ వారికి కలవరము హెచ్చును గనుక చీకటి పడకముందే దీపము పెట్టి, గదులన్నిట వెలుతురు వేయుచున్నాము. మసకలో బట్టలకొయ్య మనిషివలె కనబడునని వారే యొకనాడు చెప్పిరి. రాత్రి మాత్రము దారికి చిన్నదీపము చాలును.

మనదేశమున అఱువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఈ వ్యాధి యుండునని 2023 లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. అన్నిండ్లలోను ఎవరో యొకరు రాత్రి మేల్కొనియున్నారన్నమాట.

సంక్రాంతికి మా యత్తగారు ఆడబిడ్డగారింటికి పోయి పదునైదుదినము లుండిరి. మందులపెట్టెతోపాటు పాతచీటి కూడ వెళ్లినది. అందు రాత్రి యని యున్నందున మా ఆడబిడ్డ పాపము రాత్రియే వేసెను. వారము తిరుగకముందే టెలిఫోను: "వదినా, అమ్మ మళ్లీ తమ్ముడు మునిగిపోయినాడంటున్నది, ఏమి చేయుదును?" అని. వైద్యురాలినడిగి మరల నుదయమునకు మార్చితిమి. పాతచీటి చించివేసి, పెట్టెమూతపైననే పెద్దయక్షరములతో "ఉదయము, ఇడ్లీ తిన్న తరువాత" అని వ్రాసి యతికించితిని. అత్తగారు దానిని ప్రతిదినము చదువుదురు. చదివి, "ఎవరికే యీ మందు?" అని యడుగుదురు.