తొలి ఎలక్ట్రిక్ గిటార్, తొలి బ్యాండ్: యువత తెలుసుకోవలసిన విషయాలు

పదో తరగతో, ఇంటర్మీడియెటో పూర్తయిన సెలవుల్లో ఇంట్లో పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ కొనిపెట్టమని అడిగితే పెద్దలకు ముందుగా తోచేది ఖర్చు. ఆ తర్వాత ఇరుగుపొరుగు, చదువు. ఈ మూడూ న్యాయమైన సందేహాలే. తొందరపడి కొన్న వాయిద్యం కొన్ని నెలలకే అటక ఎక్కడం, ఉత్సాహంగా మొదలైన బ్యాండు స్నేహాలను కూడా దెబ్బతీసి విడిపోవడం తరచుగా జరుగుతున్నాయి. ఈ నష్టం చాలావరకు నివారించదగినదే. అందుకు వాయిద్యం పనిచేసే తీరు, కలిసి వాయించడంలోని నియమాలు కొంత తెలిసి ఉండాలి.

దక్షిణాసియాలో గిటార్ ప్రస్థానం

ఈ ప్రాంతానికి ఎలక్ట్రిక్ గిటార్ కొత్తది కాదు. షిల్లాంగ్‌లో గాయకుడు లూ మాజా 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ జన్మదినాన్ని సంగీతంతో జరుపుతూ వచ్చారు. కోల్‌కతాలో 1975లో ఏర్పడిన ‘మోహినేర్ ఘోరాగులి’ బృందం బెంగాలీ పాటను, బావుల్ జానపద స్వరాన్ని రాక్ సంగీతంతో కలిపింది. లాహోర్‌లో వైద్యవిద్య చదివిన సల్మాన్ అహ్మద్ 1990లో ‘జునూన్’ను స్థాపించి సూఫీ కవిత్వాన్ని గిటార్ మీదికి తెచ్చారు. చట్టగ్రామ్‌లో పుట్టిన అయూబ్ బచ్చు 2018లో మరణించేనాటికి బంగ్లాదేశ్ యువతరానికి గిటార్ అంటే గుర్తుకు వచ్చే పేరయ్యారు.

తెలుగు నేల మీద ఇందుకు దగ్గరి ఉదాహరణ పాలకొల్లుకు చెందిన మాండొలిన్ యు. శ్రీనివాస్. ఎనిమిది తీగల పాశ్చాత్య మాండొలిన్‌ను ఆయన ఐదు తీగల విద్యుత్ వాయిద్యంగా మలచుకున్నారు. కర్ణాటక సంగీతంలోని గమకాలకు స్వరం ఎక్కువసేపు నిలవాలి. మామూలు మాండొలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది. ఆ లోటును విద్యుత్ తీర్చింది. తనకు కావలసిన సంగీతమేదో ముందు నిర్ణయించుకుని వాయిద్యాన్ని దానికి తగినట్లు ఎంచుకోవాలన్న పాఠం ఇందులో ఉంది.

నాదం పుట్టే తీరు

మామూలు గిటార్‌లో బోలు పెట్టె నాదాన్ని పెంచుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ పని పికప్, యాంప్లిఫయర్ కలిసి చేస్తాయి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. దాని పైన ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రం ఇదే. నైలాన్ తీగలు ఈ వాయిద్యానికి పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే.

పికప్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకే చుట్ట ఉన్న ‘సింగిల్ కాయిల్’ స్పష్టమైన, పదునైన ధ్వనిని ఇస్తుంది. అయితే ఇంటి విద్యుత్తులోని 50 హెర్ట్జ్‌ల గుంయిమనే చప్పుడునూ పట్టుకుంటుంది. రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ చప్పుడును రద్దుచేసేది ‘హంబకర్’. దీని ధ్వని గుండ్రంగా, బలంగా ఉంటుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మొదటి రకానికి పేరుపడితే, 1952లో వెలువడిన గిబ్సన్ లెస్ పాల్ తర్వాతి కాలంలో రెండో రకానికి గుర్తయింది. సినిమా పాటలు, జానపదం, బ్లూస్ వాయించదలచినవారికి మొదటిది, హెవీ రాక్, మెటల్ వైపు మొగ్గు ఉన్నవారికి రెండోది సాధారణంగా నప్పుతాయి. రెండూ ఉన్న నమూనాలు కూడా దొరుకుతాయి. అభిరుచి ఇంకా స్థిరపడనివారికి అవి అనుకూలం.

దుకాణంలో చూడవలసినవి

ఆరంభంలో రంగు, పేరు కన్నా చేతికి అమరడం ముఖ్యం. ఫెండర్ తరహా గిటార్లలో తీగ కంపించే నిడివి సుమారు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ తరహాలో సుమారు 628 మిల్లీమీటర్లు. రెండోదానిలో మెట్లు కాస్త దగ్గరగా, తీగలు కాస్త మెత్తగా ఉంటాయి. కాబట్టి చిన్న చేతులకు సులువు. తీగల మందం కూడా చూసుకోవాలి. అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులతో మొదలయ్యే సన్నని తీగల సెట్టు కొత్త వేళ్లను అంతగా నొప్పించదు.

తీగలకు, మెట్లకు మధ్య ఎత్తు మరీ ఎక్కువైతే వేళ్లు నొప్పిపుట్టి సాధన మానేసే ప్రమాదం ఉంది. 12వ మెట్టు దగ్గర ఇది సుమారు 2 మిల్లీమీటర్లుంటే చాలు. ఆ తర్వాత ఫోన్‌లోని ట్యూనర్‌తో ఖాళీ తీగను శ్రుతి చేసి, అదే తీగను 12వ మెట్టు దగ్గర నొక్కి మీటాలి. సరిగ్గా పైస్థాయిలో అదే స్వరం పలకాలి. తేడా స్వల్పమైతే బ్రిడ్జి దగ్గర సవరించవచ్చు. సవరించినా కుదరకపోతే ఆ వాయిద్యాన్ని వదిలేయడం మంచిది. ప్రతి తీగను ప్రతి మెట్టు మీదా మీటి ఎక్కడైనా జర్రుమంటున్నదేమో వినాలి. నాబ్‌లు తిప్పినప్పుడు కరకర వినిపిస్తే లోపల దుమ్ము చేరినట్లు.

స్వరాన్ని ఊగించే కదిలే బ్రిడ్జి ఆకర్షణీయమే కానీ, ఒక తీగ శ్రుతి మారితే మిగిలినవీ మారుతాయి. కొత్తవారికి స్థిరమైన బ్రిడ్జి మేలు. ఎడమచేతి వాటం గిటార్లు దుకాణాల్లో తక్కువ కాబట్టి, అవి కావలసినవారు ముందుగా చెప్పి తెప్పించుకోవలసి రావచ్చు.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరనగరాల్లో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవాలి. వానాకాలపు తేమకు, ఎండాకాలపు వేడికి చెక్క మెడ స్వల్పంగా వంగుతుంది. దానిలోని ఇనుప కడ్డీని సవరించి సరిచేస్తారు. ఈ పనిని అనుభవజ్ఞుడైన మరమ్మతుదారుకే అప్పగించాలి.

యాంప్లిఫయర్, ప్రాణభద్రత

మొత్తం డబ్బును గిటార్ మీదే పెట్టకూడదు. యాంప్లిఫయర్, కేబుల్, అదనపు తీగలు, భుజపట్టీ కూడా అవసరం. గదిలో సాధనకు 10 నుంచి 20 వాట్ల యాంప్లిఫయర్ సరిపోతుంది. హెడ్‌ఫోన్ సదుపాయం ఉంటే ఇంటిల్లిపాదికీ ప్రశాంతత. అమెరికా నుంచి బంధువులు తెచ్చే పరికరాలు అక్కడి 120 వోల్టులకు తయారైనవి కావచ్చు. భారత్‌లో సరఫరా 230 వోల్టులు. పరికరం వెనుక ముద్రించిన వోల్టేజీని చూడకుండా ప్లగ్గు పెట్టరాదు.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ లోహభాగానికి కలిసి ఉంటాయి. ఎర్త్ లోపించిన చోట ఒక చేయి తీగల మీద, పెదవులు మైకు మీద ఉంటే శరీరమే విద్యుత్తుకు మార్గం కావచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీదే ఇలా మరణించారు. మూడో పిన్ను విరిచిన ప్లగ్గులు, తడిసిన పందిళ్లు, తాత్కాలిక జనరేటర్ల విషయంలో యువ బృందాలు రాజీపడకూడదు.

వినికిడి మరో జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్‌కు చేరితే ఆ పరిమితి నాలుగు గంటలే. చిన్న గదిలో డ్రమ్స్‌తో సాధన 100 డెసిబెల్స్ దాటడం సాధారణం. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. చెవి ప్లగ్గులు చవకే కాబట్టి తప్పనిసరిగా వాడాలి.

తోడు వాయించేవారి ఎంపిక

మంచి వాయిద్యం దొరకడం కన్నా మంచి తోడు దొరకడం కష్టం. కొత్త బృందాల్లో తరచుగా జరిగే పొరపాటు అందరూ గిటారిస్టులే కావడం. పాటను నిలబెట్టేది లయ. ముందుగా వెదకవలసినది తాళం తప్పని డ్రమ్మరును, ఆ తాళాన్ని స్వరంతో కలిపే బేస్ వాయిద్యకారుణ్ని. డ్రమ్స్ సెట్టే ఉండాలన్న నియమమేమీ లేదు. 1990లో ఢిల్లీలో మొదలైన ‘ఇండియన్ ఓషన్’ సంగీతం సుస్మిత్ సేన్ గిటార్, అసీమ్ చక్రవర్తి తబలాల కలయిక నుంచి పెరిగింది. మృదంగమో, డప్పో, కీబోర్డో నేర్చిన స్నేహితుడు పక్కవీధిలోనే ఉండవచ్చు.

నైపుణ్యం కన్నా ముందు చూడవలసినవి సమయపాలన, ఎదుటివారిని వినే గుణం. వారానికి ఎన్ని రోజులు కలవగలరు? పరీక్షల నెలల్లో ఏమి చేయాలి? ఎవరికి ఏ పాటలు ఇష్టం? ఈ ప్రశ్నలు మొదటి రోజే వేసుకోవాలి. వెంటనే బృందంగా ప్రకటించుకోకుండా, రెండు మూడు సులువైన పాటలను నెలరోజులు కలిసి వాయించి చూస్తే ఎవరు ఎవరికి సరిపడతారో తెలిసిపోతుంది. సరిపడనివారు అప్పటికి మిత్రులుగానే విడిపోవచ్చు.

సాధన స్థలం మరో సమస్య. నివాస ప్రాంతాల్లో ధ్వని పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. పొరుగువారికి ముందుగా చెప్పి, ఒకే వేళను పాటిస్తే ఫిర్యాదులు తగ్గుతాయి.

డబ్బు, హక్కులు

సొంత పాటలు పుట్టినప్పుడు తగాదాలూ పుట్టవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్యాన్ని, బాణీని వేర్వేరు రచనలుగా గుర్తిస్తుంది. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది కానీ, ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు అన్నది తేదీతో సహా ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం చేయడం వివేకం. ఉమ్మడి డబ్బుతో కొన్న పరికరాల లెక్కను కూడా అందులోనే చేర్చాలి. 18 ఏళ్లు నిండనివారికి చట్టరీత్యా ఒప్పందం చేసుకునే అర్హత లేదు. కాబట్టి వేదికల నిర్వాహకులతో, రికార్డింగ్ సంస్థలతో వ్యవహారాన్ని తల్లిదండ్రులు చూడాలి.

సందేహిస్తున్న కుటుంబాలకు మధ్యేమార్గమూ ఉంది. మొదటి మూడు నెలలు అద్దెకో, అరువుకో తెచ్చిన గిటార్‌తో రోజూ అరగంట సాధన చేయమని పిల్లలను అడగవచ్చు. అరగంట సాధన ఆగకుండా సాగితే అప్పుడు కొన్న వాయిద్యం వృథా పోదు. ఒకవేళ ఆగిపోయినా ఇంటికి వచ్చే నష్టం స్వల్పమే.