డ్రాగన్ నిజంగా ఎగరగలదా?

సినిమాలో డ్రాగన్‌ను చూసిన పిల్లలు చాలామంది అడిగే ప్రశ్న ఇది. “అవన్నీ కథలు నాన్నా” అంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. వాళ్లతో కలిసి లెక్క వేసి చూస్తే మాత్రం, వర్గాలు, ఘనాలు ఎందుకు నేర్చుకుంటున్నామో వాళ్లకే తెలుస్తుంది.

పెద్దదైతే ఏమవుతుంది?

మన ఊళ్లపై తిరిగే నల్ల గద్ద బరువు సుమారు 800 గ్రాములు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 1.5 మీటర్లు. దాన్ని అన్ని వైపులా పది రెట్లు పెంచామనుకోండి. రెక్కలు 15 మీటర్లు అవుతాయి. వాటి వైశాల్యం 10×10, అంటే 100 రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం 10×10×10, అంటే 1000 రెట్లు పెరిగి 800 కిలోలకు చేరుతుంది. ఇప్పుడు రెక్కలో ప్రతి చదరపు సెంటీమీటరూ పది రెట్లు ఎక్కువ బరువు మోయాలి. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లోనే తన పుస్తకంలో వివరించాడు.

“ఇంకా వేగంగా ఎగిరితే?” అని మీ పాప అడగవచ్చు. మంచి ప్రశ్నే! వేగం మూడు రెట్లకు కొంచెం పైగా పెరిగితే రెక్కలు ఆ బరువు మోస్తాయి. అయితే అందుకు కావలసిన శక్తి 3000 రెట్లు దాటుతుంది. కండరాలు పెరిగింది 1000 రెట్లే. అందుకే బరువైన పక్షులకు నేల మీద నుంచి లేవడమే పెద్ద కష్టం. నేడు ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఒకటి ఆఫ్రికాలోని కోరి బస్టర్డ్. అందులో మగవి సుమారు 18 కిలోల వరకు తూగగలవు. మన రోళ్లపాడు అభయారణ్యానికి పేరు తెచ్చిన బట్టమేక పక్షి దానికి బంధువే.

ఎగిరిన మహాకాయం

అయినా ప్రకృతి ఈ హద్దును ఒకప్పుడు చాలా దూరం జరిపింది. 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో డగ్లస్ లాసన్ అనే విద్యార్థికి ఒక ఎగిరే సరీసృపం శిలాజం దొరికింది. దాని పేరు క్వెట్జల్‌కోట్లస్. రెక్కలు చాపితే 10 నుంచి 11 మీటర్లు, నిలబడితే దాదాపు జిరాఫీ అంత ఎత్తు. బరువు 200 నుంచి 250 కిలోలని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. దాని ఎముకలు లోపల బోలుగా, పలుచని గోడలతో ఉండేవి. పక్షిలా రెండు కాళ్లతో కాకుండా, రెక్కలుగా మారిన ముందుకాళ్లను కూడా నేలకు తన్ని అది గాల్లోకి లేచేదని పలువురు శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

సినిమా డ్రాగన్ అలా కాదు. ఏనుగంత ఒళ్లు, మందపాటి పొలుసులు, నాలుగు కాళ్లకు తోడు రెండు రెక్కలు! కడుపులో హైడ్రోజన్ నింపుకుంటే? ఒక ఘనపు మీటరు హైడ్రోజన్ సుమారు 1.1 కిలోలనే లేపగలదు. ఒక టన్ను బరువు లేపాలంటే దాదాపు ఆరు తరగతి గదులంత పొట్ట కావాలి. కాబట్టి సినిమా డ్రాగన్ ఎగరలేదు. సన్నగా, తేలికగా, బోలు ఎముకలతో ఉండే డ్రాగన్‌ను మీ పిల్లలు గీస్తే, దాన్ని కొట్టిపారేయలేం.

ఇంట్లో చేసి చూడండి

ఒకే సైజు లూడో పాచికలు లేదా పంచదార క్యూబ్‌లు 27 తీసుకోండి. 8 పేర్చి రెండింతల ఘనం, తర్వాత 27 పేర్చి మూడింతల ఘనం చేయించండి. ప్రతిసారీ ఒక ముఖం మీద ఎన్ని కనిపిస్తున్నాయో, మొత్తం ఎన్ని పట్టాయో పిల్లలనే లెక్కపెట్టమనండి. 4కు 8, 9కి 27. డ్రాగన్ ఎందుకు ఎగరలేదో ఇక వాళ్లే మీకు చెబుతారు.