కోడిని పట్టే చేతికే ముప్పు

బర్డ్‌ఫ్లూ మాట వినబడగానే చికెన్ తినాలా, మానాలా అన్న చర్చ మొదలవుతుంది. 70 డిగ్రీల సెల్సియస్ వేడిలో పూర్తిగా ఉడికిన మాంసంలో, గుడ్లలో ఈ వైరస్ బతకదు. పచ్చిమాంసం సంగతి వేరు. 2025 మార్చిలో హెచ్‌5ఎన్‌1 సోకి మరణించిన పల్నాడు జిల్లా చిన్నారి పచ్చి ముక్క తిన్నట్లు కుటుంబ సభ్యులు తెలిపారు. అయితే రోజూ ఈ ముప్పు ముంగిట నిలిచేది షెడ్లలో గుడ్లు ఏరే, రెట్ట ఎత్తే, చచ్చిన కోళ్లను తీసే కూలీలే. వారి గురించి చర్చ తక్కువ.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు మృత్యువాత పడ్డాయి. భోపాల్ ప్రయోగశాల హెచ్‌5ఎన్‌1గా నిర్ధారించింది. వ్యాధి సోకిన ఫారం చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చడం, 10 కిలోమీటర్ల వరకు నిఘా ఉంచడం నిబంధన.

ఆ చంపే ఘట్టమే అత్యంత ప్రమాదకరం. జబ్బుపడిన కోడి రెట్టలో, ముక్కు, నోటి స్రావాల్లో వైరస్ ఉంటుంది. బోనులోంచి పట్టి లాగినప్పుడు కోడి రెక్కలు టపటపా కొట్టుకుంటుంది. ఎండిన రెట్ట పొడి, ఈకల ధూళి గాలిలోకి లేచి కూలీ కళ్లలో, ముక్కులో పడతాయి. చెమట పట్టిన ముఖాన్ని అదే చేత్తో తుడుచుకుంటే చాలు. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపలేదు. ఎన్95 మాస్కు, కళ్లను పూర్తిగా కప్పే అద్దాలు, చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరి.

కిట్లు ఇచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. అమెరికాలోని కొలరాడోలో 2024 జులైలో కోళ్లను చంపే పనిలో ఉన్న తొమ్మిది మందికి వైరస్ సోకింది. షెడ్లలో 40 డిగ్రీలు దాటిన వేడి. ఆ ఉక్కలో రక్షణ దుస్తులు ధరించి ఉండటం కష్టమైంది. పెద్ద ఫ్యాన్లు ధూళిని, ఈకలను చెదరగొట్టాయి. అదృష్టవశాత్తు లక్షణాలు స్వల్పంగానే కనిపించాయి. గోదావరి జిల్లాల వేసవి ఎరిగినవారికి ఈ ఇబ్బంది వివరించనక్కర్లేదు. తెల్లవారుజామునే పని ముగించడం, మధ్యమధ్య విరామం ఇవ్వడం మాస్కుతో సమానమైన రక్షణే.

పరిహారం లెక్క కోళ్లకు, గుడ్లకు, మేతకు ఉంటుంది. షెడ్డు మూతపడితే కూలీ పోగొట్టుకునే రోజు కూలికి ఆ లెక్కలో చోటు లేదు. జ్వరం వచ్చిందని చెబితే ఉన్న పనీ పోతుందనే భయం అతడి నోరు నొక్కేస్తుంది. యజమానులు, అధికారులు ముందుగా తొలగించాల్సింది ఈ భయాన్నే.

చివరిసారి కోళ్ల దగ్గరకు వెళ్లిన నాటి నుంచి 10 రోజులు ఒంటిని గమనించుకోవాలి. జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఆయాసం ఉన్నా, కళ్లు ఎర్రబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, కోళ్ల ఫారంలో పనిచేస్తున్నామని అడగకుండానే చెప్పాలి. ఆ ఒక్క మాట లేకుంటే వైద్యుడు మామూలు జలుబుగా భావించే అవకాశం ఉంది. దీనికి వాడే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది.