పట్నం రైలెక్కేముందు గంటలు లెక్కవెట్టున్రి

"అన్నా, పొద్దుగాల రైలుకు పోయి అదే దినం వాపసొస్తే పనైతదా?" మా దిక్కు పోరగాండ్లు నన్ను ఎక్కువగ అడిగే ప్రశ్నలల్ల ఇదొకటి. సర్టిఫికెట్ కోసమో, దవాఖానకో, కోచింగ్ సంగతి తెలుసుకునేతందుకో పట్నం పోవాల్సి వస్తది. రాత్రి ఉండేతందుకు చుట్టాలు ఉండరు, లాడ్జికి పైసలు ఉండయి. అందుకే ఒక్క దినంల పోయి రావాలనుకుంటరు. టికెట్ ఎంత అని అందరు అడుగుతరు. గంటలు ఎన్ని అని అడిగేటోళ్లు తక్కువ. నేనైతే ముందుగాల గంటలే లెక్కవెట్టాలంట. రైలు టికెట్ అగ్గువనే. పోయి వచ్చే దినమే పిరం.

ఒక లెక్క చూద్దాం

సిర్పూర్ కాగజ్‌నగర్ కెల్లి సికింద్రాబాద్‌కు మూడొందల కిలోమీటర్ల దాంక ఉంటది. ఈ లైన్ల ఒక్క దినంల పోయి వచ్చేటోళ్లకు అక్కెరకొచ్చే బండి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్. తెల్లారకముందే ఎక్కితే పది గంటల ప్రాంతంల సికింద్రాబాద్‌ల దిగుతం. పగటీలి మూడున్నర ప్రాంతంల మళ్ల అదే పేరు బండి వాపసు బయలెల్లుతది. రైళ్ల టైంలు మారుతుంటయి, పోయే ముందట చూసుకోవాలె. ఇక్కడ నేను లెక్క కోసం చెప్తున్న. కాగజ్‌నగర్ సూపర్‌ఫాస్ట్ అని ఇంకోటి ఉన్నది గని, అది పొద్దుగాల పట్నం కెల్లి ఇటు వస్తది, పగటీలి దాటినంక అటు పోతది. పేరు మనదే, టైం మనది కాదు.

ఇప్పుడు బెజ్జూరు దిక్కు ఒక పల్లెల ఉన్న పిల్లగాడు పోతుండనుకుందాం. ఆ చీకట్ల బస్సు దొరుకుడు కష్టం. బైకు మీద స్టేషన్ చేరాలంటే రాత్రి మూడింటికే ఇల్లు విడవాలె. పదింటికి సికింద్రాబాద్. ఆటోనో మెట్రోనో పట్టుకొని ఆఫీసు చేరేసరికి పదకొండు. వాపసు బండి అందాలంటే రెండింటికి ఆఫీసు కెల్లి బయటపడాలె. తొమ్మిదిన్నరకు కాగజ్‌నగర్, పదకొండింటికి ఇల్లు. మొత్తం 20 గంటలు. అందుల పని కోసం చేతిల ఉన్నయి 3 గంటలు. ఆ మూడింట్ల సారు బువ్వకు లేసే టైం కూడా ఉన్నది. సారు సీట్ల లేకపాయెనంటే దినమంతా గంగల కలిసినట్టే.

అదే కాజీపేట పిలగానికి చూడున్రి. సికింద్రాబాద్ 132 కిలోమీటర్లే, రెండు మూడు గంటల తొవ్వ. ఢిల్లీ లైను, విజయవాడ లైను రెండు ఆడ కలుస్తయి గనుక బండ్లు కూడా ఎక్కువ. పొద్దుగాల ఆరింటికి ఇల్లు విడిచి రాత్రి ఎనిమిదింటికి వచ్చినా, పట్నంల ఆరేడు గంటలు దొరుకుతయి. ఒక బండి తప్పితే ఇంకోటి ఉంటది. పట్నం ఒక్కటే, ఒక్క దినమే. గని ఇద్దరికి దొరికేది ఒక్కటి కాదు.

నేను పెట్టుకున్న మూడు షరతులు

మొదటిది: తొవ్వల పోయే ప్రతి మూడు గంటలకు కనీసం ఒక గంట అక్కడ చేతిల ఉండాలె. కాజీపేటోళ్లకు ఇది దాటుతది. బెజ్జూరు పిలగానికి తొవ్వల 17 గంటలు, పనికి 3 గంటలు. దాటది. దాటకపోతే ఒక్క దినం ముచ్చట ఇడిసిపెట్టి, రాత్రి బండికి పోయి రాత్రి బండికి వచ్చుడో, ఒక రాత్రి ఉండుడో, అసలు పోకుంటనే పని చేసుకునుడో చూడాలె.

రెండోది: అనుకున్న వాపసు బండి తప్పితే ఇంకో బండి ఏదో బయలెల్లకముందే తెలిసి ఉండాలె. రాత్రిపూట ఉత్తరాది దిక్కు పోయే దూరం రైళ్లు ఉంటయి. గని అన్ని మన స్టేషన్ల ఆగయి. ఏది ఆగుతదో, ఎన్నింటికి దించుతదో, ఆ యాల్లకు స్టేషన్ కెల్లి ఊరికి ఎట్ల పోతరో ముందే రాసుకోన్రి. ఆడపిల్లలు ఐతే ఈ షరతును అస్సలు ఇడువొద్దు.

మూడోది: అక్కడ చేయాల్సిన పని ఫోన్ల ఖాయం కావాలె. సారు ఉంటడా, ఏ కాయిదాలు తేవాలె, ఒరిజినల్ కావాల్నా జిరాక్స్ సరిపోతదా, ఫీజు ఎట్ల కట్టాలె. ఈ నాలుగు మాటలకు జవాబు లేకుంట ఎక్కితే రైలుల పోతలేరు, జూదానికి పోతున్నరు.

పైసల లెక్క

2025-26 సంవత్సరానికి మన దగ్గర ఉపాధి హామీ కూలి దినానికి 307 రూపాయలు. మీరు ఆ పనికి పోకున్నా సరే, మీ దినానికి కనీస ధర అంత అని రాసుకోన్రి. తోడు ఒకలు వస్తే ఇద్దరి కూలి. దానికి పెట్రోల్, బండి పార్కింగ్, పట్నంల ఆటో, పగటీలి బువ్వ కలుపున్రి. అన్ని కలిపినంక చూస్తే టికెట్ అన్నిటికన్న చిన్న అంకె అయితది. సద్ది కట్టుకపోతే కొన్ని పైసలు మిగులుతయి, అయినా దినం మిగలది.

బస్సు సంగతి కూడా పక్కనవెట్టి చూడాలె. 2023 డిసెంబర్ 9 కెల్లి తెలంగాణల ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. టికెట్ లేదని బస్సే మేలనుకోవద్దు. దూరం ఎక్కువుంటే నడుమకు, కాళ్లకు రైలే మేలు, రైలుల పాయఖాన ఉంటది. నెలసరి ఉన్న పిల్లకు, షుగర్ ఉన్న ముసలామెకు అది చిన్న ముచ్చట కాదు. దూరం తక్కువున్నప్పుడు, బస్సు మీరు పోయే కాడికి దగ్గర దించేటప్పుడు బస్సే నయం.

టికెట్ సంగతులు

199 కిలోమీటర్ల దాంక జనరల్ టికెట్ తీసుకుంటే మూడు గంటలల్లనో, ఆ తర్వాత వచ్చే మొదటి బండికో ఎక్కాలె. 200 కిలోమీటర్లు, అంతకు పైన ఐతే మూడు దినాల ముందుగాలనే కౌంటర్ల తీసుకోవచ్చు. కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల దిక్కోళ్లు పట్నానికి ముందే తీసుకుంటే, తెల్లారుజామున లైన్ల నిలబడే పని తప్పుతది. సూపర్‌ఫాస్ట్ ఎక్కితే జనరల్ టికెట్ మీద 15 రూపాయల సర్‌చార్జి కూడా ఉండాలె. టికెట్ లేకుంట దొరికితే కిరాయి కాక కనీసం 250 రూపాయలు వసూలు చేస్తరు. ఫోన్ల టికెట్ తీసుకునేటోళ్లు చార్జింగ్ చూసుకోన్రి. ఫోన్ బందైతే చూపెట్టేతందుకు టికెట్ లేనట్టే.

సీటు ఖాయం కావాలంటే సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ చేసుకోవచ్చు. 2024 నవంబర్ కెల్లి 60 దినాల ముందు నుంచి రిజర్వేషన్ దొరుకుతది. ఆన్‌లైన్ల తీసుకున్నది చార్టు అయినంక కూడా వెయిటింగ్‌లనే ఉంటే అది దానంతట అదే రద్దైతది. దాన్ని పట్టుకొని ఎక్కితే టికెట్ లేనోళ్లతోని సమానం.

ఇంకోటి. బండి ఎక్కడిదాంక పోతదో చూసుకోన్రి. 2025 జనవరిల చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైనంక కొన్ని బండ్లు ఆడనే ఆగుతున్నయి. ఆడికి మెట్రో లేదు. సికింద్రాబాద్ అనుకొని చర్లపల్లిల దిగితే, మన మూడు గంటల కెల్లి ఒక గంట పోయినట్టే.

ఏ పనికి పోవాలె, ఏ పనికి పోవద్దు

పరీక్షకైతే అదే దినం పొద్దుగాల రైలు మీద ఆధారపడొద్దు. నిమిషం లేటైతే గేటు మూస్తరు. బండి మూడు గంటలకు మించి లేటైతే రిజర్వేషన్ పైసలు వాపసు అడగొచ్చు. గని పోయిన పరీక్షను రైల్వే వాపసియ్యది. ముందు రాత్రికే చేరుకోన్రి. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షలకు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఉచిత ప్రయాణం పాసు ఉంటది. దరఖాస్తుల ఆ గడి నింపుడు మర్వకున్రి.

దవాఖానకు మొదటిసారి పోయేటప్పుడు ఒక్క దినం లెక్క పనికిరాదు. చీటీ ఒక దినం, టెస్టులు ఇంకో దినం, రిపోర్టు మరో దినం అనొచ్చు. తర్వాత చూపించుకునే దినాలకు, డాక్టర్ టైం ఇచ్చినప్పుడు ఒక్క దినం సరిపోతది. క్యాన్సర్ పేషెంటుకు, తోడు పోయేటోళ్లకు రైలు కిరాయిల రాయితీ ఉన్నది. దవాఖానల ఫారం మీద దస్కతు చేయించుకోవాలె. అడిగితేనే ఇస్తరు, అడగకపోతే ఎవలు చెప్పరు.

ఫిర్యాదు ఇయ్యాలంటే ముందుగాల కలెక్టరాఫీసుల సోమవారం ప్రజావాణి చూడున్రి. పట్నంల బేగంపేట ప్రజాభవన్ ప్రజావాణి మంగళవారం, శుక్రవారం ఉంటది. వేరే దినం పోయి గేటు ముంగట నిలబడితే లాభం లేదు. దరఖాస్తు ఎక్కడిదాంక వచ్చిందో తెలుసుకునేతందుకైతే రైలెక్కే అవసరమే లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పోస్టుల కాయిదం పంపున్రి. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. పోస్టు ఖర్చు రైలు టికెట్ కన్న అగ్గువ, పైగా జవాబు రాతపూర్వకంగ చేతికొస్తది.

ఇగ పని లేకుంట పోవుడు తప్పా? కాదు. పద్దెనిమిదేండ్ల పిల్ల జిల్లా దాటి ఒక్కసారన్న పెద్ద లైబ్రరీ చూసుడు, అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కునుడు కూడా పనే. సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలనుకుంటే శుక్రవారం పోవద్దు, బంద్ ఉంటది. చూసేతందుకు పోయే దినానికి నా మూడు షరతులల్ల మొదటిది పక్కనవెట్టొచ్చు. ఎందుకంటే అప్పుడు కిటికీ పక్కన కూసున్న గంటలు కూడా మీయే. రామగుండం పొగగొట్టాలు, గోదావరి బ్రిడ్జి చూసుకుంట పోయే దినం వృథా కాదు. దస్కతు కోసం గేటు కాడ కూసున్న దినమే వృథా.

మన గంటల ధర ఎవలు పెడుతున్నరు

ఇక్కడిదాంక చెప్పింది మనం చేసుకునే లెక్క. సర్కారు చేయాల్సిన లెక్క ఇంకోటి ఉన్నది. 10 జిల్లాలు 33 అయినయి, పాలన ఇంటి ముంగటికి వస్తదన్నరు. ఆసిఫాబాద్ జిల్లా అయింది. అయినా పది నిమిషాల దస్కతు కోసం 20 గంటల దినం ఎందుకు పెట్టాల్సి వస్తున్నది? ఆ దినం కూలి ఏ బడ్జెట్ల రాయరు. పల్లెటోని టైం ఊకెనే దొరుకుతదన్నట్టు చూస్తున్నరు.

రైల్వేది గూడ అదే తీరు. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లను ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేసిండ్రు. 2024 ఫిబ్రవరిల గని మళ్ల 10కి దించలేదు. దూరం పోయే ఏసీ బండ్లు జోరుగ వస్తున్నయి. చిన్న స్టేషన్ల ఆగే బండికి మాత్రం ప్రతిసారి దరఖాస్తు పెట్టాల్నట.

అందుకే మీరు ఒక పని చేయున్రి. ఈసారి పట్నం పోయినప్పుడు ఇల్లు విడిచిన టైం, ఆఫీసు చేరిన టైం, పనైన టైం, ఇల్లు చేరిన టైం నాలుగు ఒక కాయిదం మీద రాయున్రి. ఏ పని కోసం పోయిండ్రో కింద రాయున్రి. ఒక ఊరి కెల్లి ఇసొంటి కాయిదాలు ఇరవై జమైతే, అది ఎంపీకి, కలెక్టర్‌కు, రైల్వే డివిజన్ ఆఫీసుకు ఇచ్చే దరఖాస్తు అయితది. "మాకు కష్టమైతుంది సార్" అంటే తల ఊపి పంపిస్తరు. "ఇరవై మందిమి, నాలుగొందల గంటలు, అరవై గంటల పని" అంటే జవాబు చెప్పాలె.